తడి ఇసుకలో ఆడవాళ్ళు

ఈ వైపు మెట్ట పొలాలకు సాగునీటి కాలువ వచ్చిన కొత్తల్లో, కురుగోడు వెళ్ళే బస్సులో, పత్రికలోంచి చింపిన ఒక పరదేశపు బొమ్మ చూస్తూ కూర్చున్నాను. సముద్రం ఒడ్డున, తడి ఇసుక మీద వంగి గవ్వలేరుతున్న ఆడవాళ్ళు. దగ్గరగా చూస్తే అన్నీ రంగు మరకలే. నాకేమీ నచ్చలేదు.

పక్క సీటు ముసలమ్మ తొంగి చూసింది.

"నాట్లేస్తాండారు కదప్పా! మా మడికి తొలిసారి నీళ్ళొచ్చిన దినం ఇట్లే మెరుస్తా ఉండె."

"ఒక్కరికీ ముఖం లేదు కదమ్మా," అన్నాను విసుగ్గా.

"వంగినోళ్ళ ముఖం నీళ్ళకే కదప్పా కనపడేది!"

చేతులు కొంగుకు తుడుచుకుని, ఆ కాగితం తీసుకుని కళ్ళకద్దుకుంది. మడిలో దిగే ముందు ఈ వైపు ఆడవాళ్ళు తొలి నారుకట్టను అద్దుకునేది అట్లాగే.

అది సముద్రమని చెప్పబోయి, ఆమె తిరిగిచ్చిన బొమ్మను మళ్ళీ చూశాను.

ఆ బొమ్మ ఇప్పటికీ నా దగ్గరుంది. వాళ్ళ చేతుల్లో గవ్వల కోసం వెతుకుతాను. నారే కనపడుతుంది.