జగన్నాథం మామ అడిగిన శనివారం

నిన్న సాయంత్రం బీచ్ రోడ్డు దగ్గరి ఇసుక మైదానంలో ఒక ఇనుప గుండు వచ్చి ఇంకో ఇనుప గుండును కొట్టిన చప్పుడు వినపడింది. ఫ్రెంచి రోజుల నుంచి మా ఊళ్ళో పెద్దవాళ్ళు ఆడుకునే పెతాంక్ ఆట అది. టక్కుమని ఒక్క చప్పుడు, తర్వాత ఎవరో చిన్నగా నవ్వడం. అది వింటే చాలు, నా ఘనకార్యం ఒకటి గుర్తొస్తుంది. పుదుచ్చేరి బజారులో ముప్పై ఏళ్ళు ఒకే మాట మీద వ్యాపారం చేసిన మనిషిని బేరమాడి దించినదాన్ని నేనొక్కదాన్నే. ఆయన శనివారం కావాలని అడిగారు. నేను తరువాతి గురువారానికి ఖాయం చేశాను. అయిదు రోజులు కొట్టేసి, ఆయన చేత సరే అనిపించి, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. ఇంతకన్నా గట్టి బేరం నా జీవితంలో లేదు. ఇంతకన్నా చెడ్డదీ లేదు.

ఆయన పేరు కె. జగన్నాథం. మా నాన్న పాత్రల కొట్టుకు ఎదురుగా గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఆయనది. మా రెండు కుటుంబాలూ ఎన్నో తరాల కిందట తెలుగు నేల విడిచి వచ్చినవే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. చుట్టరికం లేకపోయినా ఆయన నాకు మామ. నాకు నలభై దాటాక కూడా ఆయనకు నేను పాపనే. మా ఇంట్లో బేరం ఊపిరి లాంటిది. మా నాన్న చెప్పే ధరలో సగం గాలి, కొనేవాళ్ళు అడిగే ధరలోనూ సగం గాలి. ఆ గాలి తీసేశాక మిగిలినదే ధర. పొద్దున ఎన్నింటికి నిద్రలేవాలో కూడా నేను అమ్మతో బేరమాడేదాన్ని. ఎదురుగా మామ మాత్రం గడియారం మూత తెరిచి, కంటికి భూతద్దం తగిలించుకుని చూసి, ఒక ధర చెప్పేవారు. ఇష్టమైతే ఇచ్చిపోవచ్చు, లేకపోతే తీసుకుపోవచ్చు. “తగ్గించేదే ఉంటే ముందే తగ్గించి చెప్తా గదా” అనేవారు. మా నాన్న దాన్నొక జబ్బుగా భావించి జాలిపడేవారు.

మామకు గూఢచారి సినిమాలంటే పిచ్చి. తమిళం, హిందీ, ఇంగ్లీషు, ఏ భాషదైనా సరే, ఒక మనిషి కాలరు పైకెత్తుకుని రైలు దిగుతున్న పోస్టరు కనపడితే ఆ శనివారం మధ్యాహ్నం కొట్టు మూతే. నాకు పన్నెండేళ్ళప్పుడు తనకూ, భార్య కమలత్తకూ మధ్య కుర్చీలో కూర్చోబెట్టుకుని మొదటిసారి తీసుకుపోయారు. తెర మీద కార్లు పేలుతుంటే నేను కుర్చీ అంచుకు జరిగాను. పక్కకు తిరిగితే మామ తలవంచుకుని మురుకుల పొట్లం విప్పుతున్నారు.

“మామా, ఫైటు జరుగుతా ఉంది, జూడు!”

“వాడు చావడు పాపా. టికెట్ కొనేటప్పుడే తెలుసు. నువ్వు జూడు, నేను తింటా.”

“ఫైటు వస్తే ఈయనకి ఆకలి” అంది కమలత్త.

ఫైటు అయిపోయింది. హీరో ఏదో చలి ఊళ్ళో కాఫీ అంగడిలో కూర్చుని ఎవరికోసమో ఎదురుచూడసాగాడు. మాటలు లేవు. హాల్లో సగంమంది లేచి బయటికి పోయారు. మామ అప్పుడు పొట్లం మూసి ముందుకు వంగారు. తడిసిన రాళ్ళ వీధి, కిటికీ అద్దం మీద ఆవిరి, కాఫీ తెచ్చిన ఆడమనిషి ముఖంలో అలసట, అన్నిటినీ తాగేస్తున్నట్టు చూశారు. బయటికొచ్చాక అడిగితే కథ ఏమైందో సరిగా చెప్పలేకపోయారు. హీరో కాఫీలో ఎన్ని చెంచాల చక్కెర వేసుకున్నాడో మాత్రం చెప్పారు. “గూఢచారి పనిలో ముప్పావు వంతు సుమ్మా కూర్చునేదే పాపా” అన్నారు. సుమ్మా అంటే ఊరకే. మా ఇళ్ళలో ఆ మాటకు తెలుగు ఎప్పుడో పోయింది.

ఆయన ఇష్టాలన్నీ అలా ఊరకే కూర్చునేవే. సాయంత్రం నాలుగింటికి పొయ్యిలోంచి తీసిన పొడుగు రొట్టె కొని, దాని మొన విరిచి, ఆ పెళపెళ విని తనలో తాను నవ్వుకునేవారు. రేడియోలో పాత పాట కన్నా, పాటకు ముందు వచ్చే గరగర ఆయనకు ఇష్టం. సర్కస్ వస్తే ఆట చూడరు, డేరా ఎత్తడం చూసి వస్తారు. చేప ముట్టని మనిషి ఆదివారాలు స్కూటరు మీద పిళ్ళైచావడి దాకా పోయి, పడవలు ఒడ్డుకు లాగడం చూసి వట్టి చేతులతో తిరిగొచ్చేవారు. తినని చేప కోసం అంత దూరమా అని మా నాన్న నవ్వితే, “కొనేవాడు ధర జూస్తాడు. నేను చేపను జూస్తా” అన్నారు. గుండ్లాట మైదానం గట్టు మీద కూర్చుని నాకూ ఒక ఆట నేర్పారు. ఒక మనిషిని ఎంచుకుని, అతనెవరో, ఏ పని మీద ఉన్నాడో చూసి చెప్పాలి.

“ఆ నీలం చొక్కా ఆయన?”

“రిటైరైన పోలీసు. గోడకి వీపు ఆనించి కూర్చున్నాడు.”

“శరి. ఎవరి కోసరం కాచుకొని ఉండాడు?”

నేను రోడ్డుకు రెండు వైపులా చూశాను.

“ఎవరి కోసరమూ కాదు. ఇంటికి పోబుద్ధి కాలా ఆయనకి” అన్నారు మామ.

నాన్న పోయాక కొట్టు నా చేతికొచ్చింది, ఈ విద్య కూడా కొట్టులోకి వచ్చింది. వచ్చినవాళ్ళు ఏ సామాను మీద రెండోసారి చేయి వేశారో చూసి ధర చెప్పేదాన్ని. చుట్టుపక్కల నన్ను గెలిచినవాళ్ళు లేరు. మామ మనుషులను చూడమని కళ్ళిస్తే నేను వాటితో వాళ్ళ సంచులు చూశాను.

ఈ రాస్తున్న అక్షరాలూ ఆయన ఇచ్చినవే. మా వీధిలో తెలుగు మాట్లాడే ఇళ్ళు చాలానే ఉన్నా, చదవగలిగింది మామ ఒక్కరే. “ఇది మన ఇద్దరి కోడు పాపా. బజారంతా కూడి జూసినా ఒక్కడికీ అర్థం కాదు” అంటూ గడియారాల అట్టపెట్టెలు చించి, వాటి మీద అ, ఆ రాసిచ్చారు. పాఠం అని ఉంటే పారిపోయేదాన్ని. రహస్యం అన్నారు కాబట్టి రెండు నెలల్లో నేర్చేసుకున్నాను. మా నాన్న ఆ రోజు ఎవరిని ఎలా బేరంలో పడగొట్టారో నేను చీటీ రాసి పంపితే, మామ దాని వెనక ‘పాపం’ అని ఒక్క మాట రాసి తిప్పి పంపేవారు. అది ఎవరికోసం అన్నదో ఎప్పుడూ రాయలేదు.

పదేళ్ళ కిందటి సంగతికి వస్తాను. కమలత్త అప్పటికే పోయింది. చక్కెర జబ్బుకు మామ ఎడమ కన్ను పోయింది, కుడి కంటికి వైద్యం జరుగుతోంది. అంతవరకు నాకు తెలుసు. ఒక బుధవారం కంటి ఆసుపత్రి నుంచి వచ్చి, ఇంటికి కూడా పోకుండా, నేరుగా మా కొట్టు మెట్టెక్కారు.

“పాపా, ఈ శనివారం మ్యాట్నీకి నాతో రావాల. గూఢచారి బొమ్మ, కొత్తది.”

“ముహూర్తాల సీజను మామా. కొట్టు విడిచి యాడికి వచ్చేది?”

“శనివారం” అన్నారు మళ్ళీ.

“గురువారం దాకా ఆడుతుంది లే. వచ్చే గురువారం పోదాం. జనం గూడా ఉండరు, కాళ్ళు చాపుకొని చూడొచ్చు.”

ఆయన కాసేపు నా ముఖంలోకి చూశారు. అడిగినదాంట్లో కొంత గాలి ఉంటుందని నా లెక్క. శనివారం అన్నవాళ్ళకు గురువారం సరిపోతుంది. మా లోకంలో అంతే. ఎన్నడూ గాలి కలపని మనిషి శనివారం అంటే అది శనివారమేనని, ముప్పై ఏళ్ళు ఎదురుగా కూర్చున్న నాకు తట్టలేదు.

“శరి పాపా. గురువారం” అన్నారు.

మంగళవారం పొద్దున ఆయన కంట్లో నెత్తురు చిమ్మింది. ఆసుపత్రికి తీసుకుపోయింది నేనే. ఏ రోజైనా ఇలా కావచ్చని బుధవారమే చెప్పామని, చూడాలనుకున్నవి ఏవైనా ఉంటే ఆలస్యం చేయకుండా చూడమన్నామని డాక్టరు అన్నారు. ఆ మాట వినే ఆయన నేరుగా మా మెట్టెక్కారు. ఇక ఆ కంటి చూపు రాలేదు.

గురువారం సినిమా వద్దని నేనన్నా ఆయన వినలేదు. ఖాయం చేసుకున్నది ఖాయమే అన్నారు. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, “ఇప్పుడు నేను గూడా గూఢచారి మాదిరి ఉండానా?” అని అడిగారు. నేను నవ్వలేదు, ఆయనే నవ్వారు. హాల్లో చెవి దగ్గర వంగి చెప్పడం మొదలుపెట్టాను. కారు గుద్దింది, వాడు దూకాడు, హెలికాప్టరు వచ్చింది.

“అదంతా వినపడుతుంది లే. వాళ్ళు కూర్చున్నప్పుడు చెప్పు.”

తెర మీద ఒక రైల్వే స్టేషను, ఒక బెంచీ, బెంచీ మీద ఒక మనిషి.

“ఏం చేస్తా ఉండాడు?”

“ఏమీ లేదు మామా. సుమ్మా ఉండాడు.”

“చేతులు యాడ పెట్టుకున్నాడు?”

అప్పుడు చూశాను. “ఒకటి జేబులో. ఇంకో చేత్తో టికెట్ మడుస్తా ఉండాడు. మళ్ళీ విప్పుతా ఉండాడు.”

“భయం వాడికి” అని మామ ముందుకు వంగారు. “ఇంకా చెప్పు.”

బయటికొచ్చాక నాకు కోపం వచ్చింది. తప్పు నాదైనప్పుడు నాకు ముందు వచ్చేది కోపమే. “డాక్టరు చెప్పింది ఒక్క మాట నాతో అనుంటే శనివారమే వచ్చేదాన్ని గదా?”

“వచ్చేదానివే. ఏడ్చుకుంటా వచ్చేదానివి. నాకు సినిమాకి వచ్చే మనిషి గావాల పాపా.”

“మరి శనివారం ఏం చేసినావు?”

“కొట్టు ముందర కుర్చీ వేసుకొని నిన్ను జూస్తా కూర్చున్నా. మ్యాట్నీ టైమంతా.” నల్ల కళ్ళద్దాలు సర్దుకున్నారు. “పసుపు చీర ఆమె వచ్చిందే, కూతురు పెండ్లికి ఇత్తడి బిందె కోసరం. ఆమె చెప్పులు జూసినావా?”

ఆమె నాకు బాగా గుర్తుంది. బిందె మీద రెండోసారి చేయి వేయడం చూసి, నేను ఒక్క రూపాయి దిగలేదు. మూడుసార్లు మెట్టు దిగి, మూడుసార్లు తిరిగొచ్చి, చివరికి నేను చెప్పిన ధరే ఇచ్చిపోయింది.

“చెప్పులు చూడలేదు మామా.”

“చెప్పు పట్టీ తెగింటే పిన్నీసు పెట్టుకొని ఉంది. దిగినప్పుడంతా నా కుర్చీ పక్కనే నిలబడి ఆలోచన చేసింది గదా, కనపడింది.”

తిట్టలేదు. తెర మీద చూసినది ఎలా చెప్పేవారో అలాగే చెప్పారు. ఆయన తన కంటితో చూసిన ఆఖరి బొమ్మ అదే. అందులో నేనున్నాను.

ఆ తర్వాత మామ నాలుగేళ్ళున్నారు. ప్రతి గురువారం మధ్యాహ్నం కొట్టు మూసి ఆయనతో పోయేదాన్ని. సినిమా లేని వారం సముద్రం గట్టు మీదో, పడవల దగ్గరో కూర్చుని ఎదురుగా ఉన్నది చెప్పేదాన్ని. చెప్పాలంటే ముందు నేను చూడాలి. నలభై దాటాక నేర్చుకున్నాను ఆ పని. ఇవాళ ఎవరైనా మెట్టెక్కితే నా చూపు ముందు వాళ్ళ కాళ్ళ మీదికి పోతుంది.

నాలుగేళ్ళు ఆయనకు కళ్ళయ్యావు, ఇక బాకీ తీరిపోయినట్టే అని మావాళ్ళు ఓదారుస్తారు. కానీ ఆ గురువారాలన్నీ నాకు మిగిలిన లాభం. వాటిని ఆయనకిచ్చినట్టు రాసుకోలేను. ఆయన అడిగింది ఒక్క శనివారం. అది ఇవ్వలేదు. పసుపు చీర ఆమె బిందె చంకనెత్తుకుని ఉప్పళం వైపు నడిచిపోయింది. ఎవరో తెలియదు, మళ్ళీ రాలేదు. ఆమెకు తగ్గించాల్సింది తగ్గించలేదు. ఈ రెండూ నా పేరు మీద అలాగే ఉన్నాయి.