గ్రీకు రాజు, మా చిన్నమ్మ మగ్గం

ఆ రోజుల్లో కాలేజీకి వెళ్ళే కుర్రాడికి తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. ఇప్పటి పిల్లల సంగతి నేను చెప్పలేను గానీ, యుద్ధకాలంలో బెంగుళూరు కబ్బన్‌పేట సందుల్లోంచి ఇంటర్మీడియెట్ దాకా ఎగబాకిన నాకు మాత్రం సర్వమూ తెలుసు. మా ఇంట్లో మూడు పట్టు మగ్గాలు ఆడేవి. వాటిలో ఒక్కదాని మీదా నేను పట్టుమని పది పోగులు నేసినవాణ్ణి కాను. "వాడు సదువుకునేటోడు, వాని చేతులు పాడు చెయ్యొద్దండి" అని మా అవ్వ నన్ను మగ్గం గుంతలోకి దిగనిచ్చేది కాదు. ఆ విధంగా నా చేతులూ, వాటితోపాటు నా బుర్రా వాడకుండా కొత్తవిగానే ఉండిపోయాయి.

ఆ ఏడు మా ఇంగ్లీషు మేష్టారు (మండుటెండలో కూడా కోటు విప్పరు కనుక మాకాయన కోటు మేష్టారు) ఒక చర్చ పెట్టారు. పాతకాలపు గ్రీకు కావ్యంలో ఒక రాజు పరదేశంలో పదేళ్ళు యుద్ధం చేసి, మరో పదేళ్ళు సముద్రం మీద తిప్పలుపడి ఇల్లు చేరతాడు. అతణ్ణి వీరుడనవచ్చా, కూడదా? నాది 'వీరుడే' అనే పక్షం. నీ మొగుడు ఇక రాడు, మాలో ఒకణ్ణి పెళ్ళాడమని ఇంట్లో తిష్ఠ వేసినవాళ్ళతో అతని భార్య, ఈ బట్ట నేయడం పూర్తి కానివ్వండి అని చెప్పి, పగలు నేసినదంతా రాత్రి ఊడదీసేదట. మేష్టారు నావైపు చూసి, "నేతవాళ్ళ ఇంటివాడివి, ఆ ఊడదీయడం ఎలాగో నువ్వే చెప్పాలి" అన్నారు. తెలియదనడానికి నాకు నోరు రాలేదు. జానెడు బట్టకు ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి మరీ చెబుతానని మాటిచ్చేశాను. భార్యే అంత గడుసుదైతే భర్త ఇంకెంత వీరుడై ఉండాలన్నది నా వాదం (నవ్వకండి, అప్పటికి అది నాకు బ్రహ్మాండంగా తోచింది).

మా ఇంట్లో మూడో మగ్గం చిన్నాయనది. ఆయన పటాలంలో లారీ తోలడానికి బర్మా వైపు వెళ్ళి రెండేళ్ళయింది, జాబు వచ్చి ఎనిమిది నెలలయింది. మనిషి లేని మగ్గం ఎందుకు, ఎత్తేసి ఎవరికైనా ఇచ్చేద్దామన్నారు మా నాయన. మా ఇళ్ళలో ఆడవాళ్ళు కండెలు చుట్టేవాళ్ళు, తెగిన పోగులు అతికేవాళ్ళు, అంతేగాని మగ్గంలో కూర్చునే వాడుక లేదు. మా చిన్నమ్మ మాత్రం "మీ తమ్ముడు వస్తే యాడ కూర్చుంటాడు బావా?" అని అడిగి, తానే గుంతలోకి దిగింది. ఒక చీర నేసి చూపించు, పట్టు ఇచ్చే సావుకారు దాన్ని ఒప్పుకుంటే మగ్గం ఉంటుంది, లేకపోతే లేదు అని మా నాయన తీర్పు చెప్పారు. ఆ చీర అప్పటికి ముప్పాతిక వంతు అయింది.

నా కన్ను దానిమీదే పడింది. ఒక మధ్యాహ్నం చిన్నమ్మ రేషను బియ్యం కోసం వరసలో నిలబడడానికి వెళ్ళింది, అవ్వ కునుకు తీస్తోంది. గడియారం పక్కన పెట్టుకుని కూర్చున్నాను. జానెడు ఊడదీసి లెక్క రాసుకుంటే, దాన్ని తిరిగి నేసుకోవడం చిన్నమ్మకు ఎంతసేపు అనుకున్నాను. కాలితో చెక్క తొక్కి, పడుగు విడదీసి, పేకను ఒక్కొక్క పోగుగా నిదానంగా తీయాలని నాకేం తెలుసు? చేతికందిన కొసను పట్టుకుని లాగాను. కొంచెం వచ్చింది. ఇంకొంచెం బలంగా లాగాను. అరగంట తిరిగేసరికి బెత్తెడు బట్ట కూడా ఊడలేదు గానీ, పేక ముక్కలు ముక్కలయింది, పడుగులో పాతిక పోగులు తెగి వేలాడుతున్నాయి.

చిన్నమ్మ వచ్చి, బియ్యం సంచి దించి, మగ్గం వైపు నడిచి, వేలాడుతున్న పోగుల్ని వేలిమీదికి ఎత్తి చూసింది. తరవాత "ఏమి చేసినావప్పా?" అంది. తిట్టి ఉంటే బాగుండేది. కథంతా చెప్పుకున్నాను. ఆమె గుంతలోకి దిగి, వేళ్ళకు బూడిద అద్దుకుని తెగిన పోగుల్ని మెలిపెట్టి అతకడం మొదలుపెట్టింది. "సుమ్మనే నిలబడొద్దు. ఆ కొస పట్టుకో" అని, కొంతసేపటికి "ఆ రాజు పొయ్యేటప్పుడు ఎంతమందిని తీసుకపోయినాడు?" అని అడిగింది.

"పన్నెండు ఓడల నిండా చిన్నమ్మా."

"వచ్చేటప్పుడు?"

"ఒక్కడే."

"ఆ ఓడల్లో పోయినోళ్ళకూ ఆడోళ్ళు ఉంటారు కదప్పా. వాళ్ళ ఇండ్లకు పోయి ఏమి చెప్పినాడు?"

అతను ఎవరింటికీ వెళ్ళినట్టు నేను చదివిన పుస్తకంలో లేదు. ఆ మాటే చెప్పాను. ఆమె మరో పోగు అతికి, "పోనీలే. ఆమె మొగుడు ఆమెకు వచ్చినాడు. నాకైతే వీరుడు గీరుడు ఏమీ వద్దు, మనిషి వస్తే చాలు" అంది. సిగ్గుతోనో దిగులుతోనో నాకు ఏడుపు వచ్చేసింది.

అతకడానికి రెండు రోజులు పట్టింది. చీర పూర్తయ్యాక మా నాయన దాన్ని సావుకారు దగ్గరికి తీసుకువెళ్ళిన రోజు నేనూ వెంట వెళ్ళాను. సావుకారు గుడ్డమీద వేలు నడిపిస్తూ వచ్చి సరిగ్గా ఆ చోటే ఆపి, "ఈడ ఏమో అయి ఉండాదే" అన్నాడు. మా నాయన ముఖం చూడకుండా, చేసింది నేనేనని చెప్పాను. సావుకారు ఆ చోటును వెలుతురుకు పట్టి, "తెంచింది నువ్వా, సరే. అతికింది ఎవరు? ఇంత సన్నంగా అతికేటోళ్ళు మా దగ్గర ఇద్దరే ఉండారు" అని చీర మడతపెట్టి లోపల పెట్టుకున్నాడు. మగ్గం నిలిచింది. నాయన నాతో వారం రోజులు మాట్లాడలేదు.

ఇక చర్చ సంగతి. 'ఈ రాజు వీరుడు' అని మొదలుపెట్టి, రెండో వాక్యంలోనే ఆ ఓడల్లో వాళ్ళ భార్యలకు ఇతను ఏం చెప్పాడని నా ఇంగ్లీషులో నేనే అడిగేశాను. మా పక్షంవాళ్ళు వెనకనుంచి చొక్కా లాగారు. "ఇంతకీ నువ్వు ఏ పక్షమయ్యా?" అన్నారు మేష్టారు. "ఇంకా తేలలేదు సార్" అన్నాను. హాలంతా నవ్వింది. చిత్తుగా ఓడిపోయాం.

యుద్ధం ముగిశాక ఫలానా రోజు మద్రాసు రైలుకు వస్తున్నానని చిన్నాయన జాబు వచ్చింది. ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. చిన్నమ్మ అన్నం ముట్టకుండా మగ్గంలోనే కూర్చుంది. నాలుగో రోజు పొద్దున రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. తనతోపాటు లారీలు తోలి తిరిగిరాని ఇద్దరి ఇళ్ళు దారిలో ఉన్నాయట. ఆ రెండు ఊళ్ళలోనూ దిగి వచ్చాడట. "జాబులో రాసే మాటలు కాదు కదా అవి" అన్నాడు తల వంచుకుని. మూడు రోజులుగా కూడబెట్టుకున్న తిట్లలో ఒక్కటీ చిన్నమ్మ నోటినుంచి రాలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, కాళ్ళకు నీళ్ళు తెచ్చింది.

తరవాత నేనూ ఉద్యోగాల పేరుతో చాలా ఊళ్ళు తిరిగాను. చెప్పిన రోజుకు, చెప్పిన రైలుకే ఇల్లు చేరేవాణ్ణని మా ఇంట్లో నాకు గొప్ప పేరు. మధ్యలో దిగి పరామర్శించి రావలసిన ఇళ్ళు నాకూ రెండు మూడు ఉండేవి. ఆ స్టేషన్లు వచ్చినప్పుడల్లా కిటికీ చెక్క దించేసి నిద్ర నటించిన పెద్దమనిషిని తలుచుకుంటే, ఈ వయసులో నాకు కొంచెం నవ్వే వస్తుంది.