పికప్పు దెబ్బ తిన్న మేక

మా ముత్తాత ఏడు ఊళ్లకు దేశ్‌ముఖ్. మా తాత నాటికి ఊళ్లు పోయి, గొట్టం మూతి నుంచి మందూ గుండూ దట్టించి పేల్చే భర్మార్ తుపాకీ ఒకటి మిగిలింది. అడవిపందికి సీసపు గుండు ఒక్కటే వేయాలనేవాడు ఆయన; చిల్లర రవ్వలు కౌజు పిట్టలకే. గాయపరిచిన జంతువును దొరికించుకోకుండా ఇంటికి రాకూడదు. అలాగని వెంటనే వెంటపడకూడదు. తరమకపోతే అది దగ్గర్లోనే పడుకుంటుంది. ఒక చుట్ట కాలేంతసేపు ఆగాలి.

నేను దుబాయ్ దగ్గరి రాస్ అల్ ఖైమాలో ఒక రాళ్ల క్వారీకి సూపర్‌వైజర్‌ని. కరోనా తగ్గాక వచ్చిన చలికాలంలో, ఒక సాయంత్రం పికప్పు నడుపుతుంటే మలుపులో ఒక మేకకు బంపరు తగిలింది. అది కుంటుతూ గుట్ట వెనక్కి పోయింది. నా పక్కన మా జగిత్యాల లోడర్ డ్రైవర్. దిగి ఉరకబోతుంటే ఆపాను.

"చుట్ట కాలేంతసేపు ఆగు."

"చుట్టేది దొరా?"

ఫ్లాస్కులో చాయ్ ఉంది. అదే తాగాం.

"మీ తాత గుండుతోని కొట్టిండు, మీరు పికప్పుతోని కొడితిరి. గింత పెద్ద గుండు ఎవలన్న ఏస్తరా?"

కప్పు పడేసి గుట్ట వైపు నడిచాను. పొద్దు వాలుతోంది. మేక దొరక్కుండా ఇంటికెళ్లినవాడు మా వంశంలో లేడు.

గుట్ట మీద ఏ ఆనవాలూ లేదు. దిగి వస్తే రోడ్డు మీద ఎర్రటి చుక్కలు! మేక గుట్ట చుట్టు తిరిగి రోడ్డెక్కిందని తేల్చి, ముందు నేను, వెనక అతను, చాలా దూరం నడిచాం. చివరికి అతను వంగి, ఒక చుక్కను వేలితో అద్ది వాసన చూశాడు.

"దొరా, మేకల స్టీరింగ్ ఆయిల్ పోస్తరా?"

కారుతున్నది మా బండే. నడుం వంచకుండా వెనక్కి తిరిగాను.

మేక పికప్పు పక్కనే పడుకుని, మేం తాగి పడేసిన కాగితపు కప్పు నములుతోంది. మోకాలు గీరుకుపోయింది, అంతే.

"తాత మాట నిలవడ్డది," అన్నాడతను. "మీ నడకనే ఖరాబైంది."

మేకను వెతుక్కుంటూ ఒక ముసలి అరబ్బు వచ్చాడు. క్షమించమన్నాను. కాలు తడిమి చూసి, ఏం ఫర్వాలేదన్నట్టు చెయ్యూపి, "ఖలాస్, మాఫీ ముష్కిలా" అన్నాడు. మావాడు ఊరుకోక, తాత తుపాకీ సంగతంతా హిందీలో చెప్పాడు. ముసలాయన కళ్లు మెరిశాయి.

"వో బందూక్ అబ్ కిధర్?"

దాన్ని మా నాన్న, గుండ్లు పోసే అచ్చుతో సహా, జగిత్యాలలో ఒక రైస్‌మిల్లు యజమానికి అమ్మేశాడు.