మా ఇంటి బర్మా టేకు

అమ్మ వైపూ నాన్న వైపూ కలిపి చూసినా, డిగ్రీ పాసైన మొదటి మనిషిని నేనే. తొంభైల్లో ఫలితాలు పేపర్లో వేసేవారు. నా నంబరు కనబడగానే ఆ పేపరు పట్టుకుని గుణదలలో బస్సు దిగి ఇంటిదాకా పరుగెత్తాను. దారిలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ బీఎస్సీ బోటనీ పాసయ్యానని చెప్పాను. నాన్న నా నంబరు మీద వేలు పెట్టి రెండుసార్లు చదువుకుని, తలెత్తి అన్న మొదటి మాట:

"అయితే ఇక తలుపు గీకాలి."

ఆ తలుపు సంగతి చెప్పాలి. గన్నవరం అవతల మా ఊళ్ళో తాతయ్య ఇల్లు పడగొట్టినప్పుడు అన్నదమ్ములిద్దరూ ఉన్నది పంచుకున్నారు. కాలవగట్టు మీది నాలుగు కొబ్బరిచెట్లు పెదనాన్నకి వదిలేసి నాన్న వీధి తలుపు తీసుకున్నాడు. అది బర్మా టేకని తాతయ్య ఎప్పుడో అన్నాడట. పెదనాన్న మాత్రం అది వట్టి మామిడి చెక్కని, తమ్ముడు వెర్రిబాగులవాడని, ఏ పెళ్ళికి వెళ్ళినా భోజనాల బంతిలో చెప్పి అందర్నీ నవ్వించేవాడు. నాన్నకి ఆటోనగర్లో లారీ టైర్ల కొట్టు. ఇల్లు కట్టాడు, నన్ను కాలేజీకి పంపాడు. అయినా ఆ బంతిలో నవ్వు ఆయనకి అన్నంలో రాయిలా తగులుతూనే ఉండేది.

నిజం తేల్చడం తేలికే, గీకితే తెలిసిపోతుంది. అందుకే కాబోలు మా ఇంట్లో ఎవరూ గీకలేదు. మీద రంగులు వేస్తూ పోయాం. నా చెవులు కుట్టించినప్పుడు ఆకుపచ్చ, టీవీ కొన్నప్పుడు నీలం, పుష్కరాలకి చుట్టాలొస్తారని చాక్లెట్ రంగు. పూత మీద పూత పడి తలుపు ఒళ్ళు చేసింది. వానాకాలం మూయాలంటే భుజం పెట్టి నెట్టాల్సిందే. సింహాచలం అప్పన్నకైనా ఏడాదికోసారి నిజరూపం ఉంటుంది. మా తలుపుకి అదీ లేదు.

ఇంట్లో గ్రాడ్యుయేట్ తయారైంది కాబట్టి ఇకనుంచి ఆఫీసర్ల ఇళ్ళలోలాగా చెక్క కనిపించాలని, పైన వార్నిష్ ఒక్కటే ఉండాలని నాన్న తీర్మానించాడు. పైగా ఆదివారం పెదనాన్న నన్ను దీవించడానికి వస్తున్నాడు.

నాన్నా నేనూ రేకుముక్కలు పట్టుకుని మొదలుపెట్టాం. గీకుతూనే వచ్చేపోయేవాళ్ళకి నా పాసు సంగతి చెబుతున్నాను. వాళ్ళేమో తలుపుకేసి చూసి, ఏం రంగు వేయిస్తున్నారని అడుగుతున్నారు. చాక్లెట్ పోయింది, నీలం పోయింది, నా చెవులు కుట్టిన పచ్చదనమూ పెచ్చులుగా రాలింది. అడుగున చెక్క బయటపడింది. పాలిపోయి, బూడిద చారలతో ఉంది. పురుగు తొలిచిన కన్నాల్లో ఏనాటిదో లప్పం కూరి ఉంది. అమ్మ వచ్చి చూసి, నూజివీడు పళ్ళు వచ్చే పెట్టెలు కూడా అచ్చం ఇలాగే ఉంటాయని మెల్లగా అని లోపలికి పోయింది.

నాన్న రేకు కింద పెట్టాడు.

"నువ్వు చదివింది చెట్ల చదువే కదమ్మా. సరిగ్గా చూడు."

మూడేళ్ళు కాడలు అడ్డంగా కోసి మైక్రోస్కోప్ కింద పెట్టినదాన్నే గానీ, తలుపులు మా సిలబస్‌లో లేవు. అయినా దీనికి సిలబస్ అక్కర్లేదు.

"మామిడే, నాన్నా."

"ఇంకోసారి చూడు."

ఇంకోసారి చూసినా మామిడే.

ఆ సాయంత్రమంతా ఆయన గుమ్మంలోనే కూర్చున్నాడు. పెదనాన్న ఇది చూశాడంటే, వచ్చే పెళ్ళిలో బంతి బంతికీ చెబుతాడు. ఈసారి కళ్ళారా చూశానని మరీ చెబుతాడు.

మర్నాడు నాన్న ఆటోనగర్ నుంచి లారీలకి రంగులేసే పెయింటర్ని తీసుకొచ్చాడు. అతను తలుపంతా లేత పసుపు కొట్టి, అది ఆరాక మీద పల్చగా గోధుమరంగు పూసి, తడి ఆరకముందే జేబులోంచి తల దువ్వుకునే దువ్వెన తీసి నిలువునా గీతలు లాగాడు. టేకు వచ్చేసింది. బర్మాలో కూడా అంత టేకు ఉండి ఉండదు. బొటనవేలు తిప్పి చెక్కలో ఉండే ముడులు కూడా పెట్టాడు. రెండు రెక్కల మీదా సరిగ్గా ఒకే ఎత్తులో పెట్టడంతో తలుపు మనకేసి గుడ్లురుముతున్నట్టుంది. ఇంత పని చేసి ఖాళీగా వదిలేస్తే తనకి తృప్తి ఉండదని, మధ్యలో ఒక కలువపువ్వు వేస్తానని, పోనీ రెండు నెమళ్ళైనా వేయనివ్వమని బతిమాలాడు. వార్నిష్ కొట్టించి, డబ్బాతో సహా అతన్ని గేటు దాటించేదాకా నాన్న పక్కనుంచి కదల్లేదు.

ఆదివారం పొద్దున్నే పెదనాన్న దిగాడు. వార్నిష్ ఇంకా పూర్తిగా ఆరలేదు. నేను ఎదురెళ్ళి పాసయ్యానని మొదలుపెట్టేలోపే, తెలుసులే అంటూ నన్ను దాటుకుని తలుపు ముందు నిలబడ్డాడు. వేలితో కొట్టి చప్పుడు విన్నాడు. వంగి వాసన చూశాడు. నాన్న తల ఎత్తి ఫ్యానుకేసి చూస్తున్నాడు. అమ్మ చేతిలో కాఫీ చల్లారిపోతోంది.

పెదనాన్న నా వైపు తిరిగాడు.

"వీణ్ణి నేను నమ్మను. చెట్ల మీద పరీక్ష రాసి పాసైనదానివి, నువ్వు చెప్పమ్మాయ్. ఇదేం చెక్క?"

పాసయ్యాక నా చదువుతో ఒకరికి పని పడడం అదే మొదలు. ఆ ప్రశ్న కోసం ఎంత ఎదురుచూశానో.

"టెక్టోనా గ్రాండిస్, పెదనాన్నా."

"అంటే?"

"లాటిన్‌లో టేకు."

తెలుగులో చెబితే వాదించేవాడే. లాటిన్‌ని ఏం చేస్తాడు? అరచెయ్యి తలుపుకి ఆనించి చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

"కొబ్బరిచెట్లు మూడు గాలివానకి పోయాయిరా," అన్నాడు చివరికి.

"కూర్చో అన్నయ్యా," అన్నాడు నాన్న. ఆయన అంత ప్రేమగా అన్నయ్యా అనడం అంతకుముందు నేను వినలేదు.

చెయ్యి తీసేసరికి పెదనాన్న అరచేతి నిండా బర్మా అంటుకుంది. మంచి టేకు నూనె కారుతుందని విన్నాను, నిజమేనన్నమాట అనుకుంటూ కండువాకి తుడుచుకున్నాడు. తలుపు మీద మాత్రం అయిదు వేళ్ళూ అచ్చుపడ్డాయి.

పెయింటర్ వచ్చి సరిచేస్తానంటే నాన్న ఒప్పుకోలేదు. జీవితమంతా వేలిముద్ర వేసిన మనిషి ఈసారి మొత్తం చెయ్యే వేసి ఒప్పుకున్నాడని, ఇంటికొచ్చినవాళ్ళందరికీ ఆ ముద్ర చూపించేవాడు. నా డిగ్రీకి కూడా ఫ్రేము కట్టించాడు. దాన్ని ముందుగదిలోనే, ఆ తలుపు తెరిస్తే రెక్క చాటున పడే గోడకి తగిలించాడు. ముద్ర చూపించాలి కాబట్టి ఆ తలుపు పొద్దస్తమానం తెరిచే ఉండేది.