కుడివైపు పతకాలు

మా ఆయన పోయాక ఆయన పతకాలను నేను పెట్టుకున్నది నాలుగుసార్లే. నాలుగుసార్లూ కుడివైపే. సంపాదించుకున్నవాళ్ళు ఎడమవైపు పెట్టుకుంటారు. వాళ్ళు పోయాక ఇంట్లోవాళ్ళు పెట్టుకుంటే కుడివైపు. ఇది నా సొంత నియమం కాదు. ఆయన హవల్దారుగా చేసిన యూనిట్‌లో ఒక ఆఫీసరు నాకు చెప్పి, దగ్గరుండి పెట్టించారు.

ఆయన కింద సిపాయిగా చేరినవాడు సుబేదారై రిటైరయ్యాడు. మాజీ సైనికుల సంఘం తాడేపల్లిగూడెంలో అతనికి సన్మానం పెట్టింది. పతకాలతో రావాలని కార్డులో వేశారు. అందులో నేను ఫలానావారి సతీమణిని. నా పేరు లేదు. సరే, అదలా ఉంచుదాం.

ఉంగుటూరు నుంచి ఆటోలో వస్తున్నంతసేపూ నా చెయ్యి కుడి భుజం మీదే ఉంది. అయిదు పతకాల బరువుకి జాకెట్టు కిందికి లాగేస్తోంది. హాల్లో కూర్చున్నాను, లేచాను, పిన్ను చూసుకున్నాను, మళ్ళీ కూర్చున్నాను. ఇంతలో సంఘం కార్యదర్శిగారి భార్య వచ్చింది.

"అక్కయ్యగారూ, ఒక్క నిమిషం అండీ. మావారు చూసి పంపించారు, అటువైపు పెట్టేసుకున్నారట."

"ఇటువైపే పెట్టుకోవాలమ్మా."

"గుండె ఎడమవైపు కదండీ ఉండేది!" అని నవ్వి, నేను వద్దంటున్నా వినకుండా పిన్ను తీసి ఎడమ భుజం మీద పైటకు గుచ్చేసింది. అప్పుడే మైకులో నన్ను పిలిచారు.

వేదిక ఎక్కాను. సుబేదారు కోటు వేసుకుని, తన పతకాలు తాను పెట్టుకుని నిలబడ్డాడు. నా ఎడమ భుజం చూశాడు. తల దించుకున్నాడు. అతనికి తెలుసు. ఒక్క మాట అంటే చాలు, అనలేదు.

అక్కడే, అందరి ముందూ, పతకాలు విప్పాను.

"ఏవండీ, కాస్త త్వరగా కానివ్వండి, ఫోటో ఉంది," అన్నాడు కార్యదర్శి మైకులోనే. "ఏ వైపైతే ఏవుందండీ, ఎవరు చూస్తారు?"

ఈ కార్యదర్శీ సైన్యంలో చేసినవాడే. అదే నా మంట.

"ఎడమవైపు పెట్టుకుంటే ఇవి నేను సంపాదించినట్టండీ. నేను సంపాదించలేదు," అన్నాను. మైకు నా దగ్గర లేదు కాబట్టి ముందు వరుస దాకా కూడా వినపడి ఉండదు. తల వంచి కుడివైపు గుచ్చుకుంటుండగానే ఫోటో తీసేశారు.

మర్నాడు సుబేదారు ఫోనులో రెండు ఫోటోలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"వదినగారూ, మెట్లెక్కేటప్పుడు తీసిందిది. మీ మొహం చాలా బాగా వచ్చిందండీ. సంఘం ఆఫీసులో ఇదే ఫ్రేము కట్టించి పెడదామంటున్నారు."

పతకాలు ఎడమవైపు ఉన్నాయి.

"నీకు తెలీదా?"

"తెలుసండీ. పెద్దాయన మైకు పట్టుకుని ఉన్నారు, కాదంటే బాగోదని..."

"బూట్లకి పాలిష్ లేదని మీ హవల్దారు నిన్ను అందరి ముందూ గ్రౌండు చుట్టూ పరిగెత్తించేవాడటగా. అది బాగుండేదా?"

ఇచ్చిన టీ అతను ముట్టలేదు. నేనూ తాగమనలేదు.

"రెండోది కట్టించు," అన్నాను.

ఇప్పుడు అక్కడ వేలాడుతున్నది అదే. నా పాపిట తప్ప మొహం కనపడదు. బాగోలేదు, మారుద్దామని కార్యదర్శి రెండుసార్లు కబురు పెట్టాడు. రెండుసార్లూ ఒప్పుకోలేదు.