జహీరాబాద్ బజారులో తడి తొవ్వ

నేను జహీరాబాద్ వెళ్ళింది ఊరు చూడ్డానికి కాదు, మా అక్కను వెంటబెట్టుకుని రావడానికి. అందుకే వెళ్ళేటప్పుడు నా చేతిలో ఖాళీ రేకు పెట్టె ఒకటుంది, అక్క చీరలు సర్దుకోవడానికి. ఎనభైల మొదట్లో, ఇంకా ఎండలు ముదరని రోజుల్లో సంగతి.

మా అక్క సుశీలకు జహీరాబాద్ బజారులో గాజుల దుకాణం ఉంది. కళ్ళు రెండూ నీటికాసుల జబ్బుతో మెల్లమెల్లగా పోయాయి. ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనదు. దుకాణం నడపడానికి దాంతో ఇబ్బందేమీ లేదు. ఎవరి చెయ్యి పట్టుకున్నా ఏ కొలత గాజు పడుతుందో చెప్పేస్తుంది, ఏ రంగు ఏ అరలో ఉందో తడిమి తీస్తుంది. చిక్కంతా ఇంటి నుంచి దుకాణానికి నడిచే దారితోనే. కిందటేడు వారపు అంగడి రోజున, బాట మీద పేర్చిన ఇనప బకెట్లు కాలికి తగిలి పక్కనున్న మురుగు మోరీలో పడింది. మణికట్టు విరిగింది.

మా బావ బొంబాయి రోడ్డు మీద లారీ నడుపుతాడు. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. అక్క పడ్డప్పటి నుంచి అతనికి స్టీరింగు మీద మనసు నిలవడం లేదు. నేను వెళ్ళే ముందు వారం మా ఇంటికొచ్చి, "నువ్వు పోయి తోల్కరా పిల్లా. దుకాణం బంద్ జేద్దాం. నేను బండి మీద ఉన్నన్ని రోజులు మీ ఇంట్ల ఉంటది," అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగాడు. "అంగడి రోజు ఒక్కతే ఇంటికెల్లి దుకాణం దాంక నడిచిందనుకో, ఉండనియ్యి. నీ కండ్లతోని చూసి చెప్పు."

అక్క అట్లా నడవగలదని అతనికీ నమ్మకం లేదు, నాకూ లేదు. మనిషిని కించపరచకుండా తీసుకురావడానికి ఒక సాకు కావాలి కదా, అంతే.

పొద్దున్నే గౌలిగూడలో బస్సెక్కాను. ఆ దారిన వెళ్ళేవాళ్ళకు నాదొక సలహా: పొద్దుటి బస్సయితే కుడివైపు కూచోండి. నేను ఎడమవైపు కూచుని పటాన్‌చెరు దాటేసరికే చెంప మాడ్చుకున్నాను. పెట్టె ఒళ్ళో పెట్టుకోనా, కాళ్ళ కింద పెట్టుకోనా అని సంగారెడ్డి దాకా దాంతో కుస్తీ పట్టాను. సదాశివపేటలో బస్సు ఆగితే మిరపకాయ బజ్జీలు తిని, చాయ్ తాగి, కాస్త మనిషినయ్యాను.

అక్కడ నా పక్కన ఝరాసంగం వెళ్ళే పెద్దమ్మ ఒకామె ఎక్కింది. ఖాళీ పెట్టె చూసి ఊరుకుంటుందా? ఏమిటి కథ అని అడిగింది, చెప్పాను.

"గాజుల సుశీలమ్మ మీ అక్కనా! గామెనెందుకు తోల్కపోతవు బిడ్డా? గిప్పుడు బజార్ల తొవ్వ మస్తుగైంది. నా కోడలు సంకల పిల్లనేసుకొని పోయొస్తది."

పైకి "అవునా" అన్నాను. లోపల మాత్రం, ఈ ముసలామెకేం తెలుసులే అనుకున్నాను. ఆ బజారు సంగతి నన్నడగాలి. పండక్కీ పబ్బానికీ వెళ్ళి ఎన్ని చీర కొంగులు చింపుకున్నానో నాకు తెలుసు.

పది దాటాక జహీరాబాద్‌లో దిగాను. రోడ్డు మీద లారీలు ఎప్పటిలాగే రొద పెడుతున్నాయి. బజారులోకి తిరిగాను. నాకు ఆ బజారు తెలిసేది అడ్డంకులతోనే. బకెట్ల గుట్ట దాటాలి, బాట మీదికి వచ్చిన బట్టల మూటలు దాటాలి, సైకిళ్ళ వరుస దగ్గర ఒళ్ళు కుదించుకుని కుడికి తిరగాలి, అక్క దుకాణం వస్తుంది. ఆ రోజు నడుస్తున్నాను, నడుస్తున్నాను, బకెట్లు రావు, మూటలు రావు. చివరికి బజారే అయిపోయి పొలాలు కనిపించాయి. ఇదేం చోద్యం! దిగాల్సిన ఊరు కాక వేరే ఊళ్ళో దిగానా అనిపించింది.

వెనక్కి తిరిగి చూశాను. చూసి, అక్కడే నిలబడిపోయాను.

ఆ బజారు ఇంత వెడల్పని నాకు అప్పటిదాకా తెలియదు. రెండు వైపులా దుకాణాల అరుగులు వరుసగా కనిపిస్తున్నాయి. అరుగుల ముందు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక తడి బాట, ఎర్రమట్టి మీద అప్పుడే నీళ్ళు చల్లినట్టు ముదురు రంగులో ఉంది. దాని మీద బస్తా లేదు, బండి లేదు, మనుషులు మాత్రమే నడుస్తున్నారు. ఒకామె నెత్తిన గంపతో, చెయ్యి ఊపుకుంటూ, పక్కామెతో మాట్లాడుకుంటూ పోతోంది. ప్రతి గల్లీ మొదట్లో పైన ఒక్కో వస్తువు వేలాడుతోంది: ఒకచోట ఇత్తడి గంగాళం, ఒకచోట ఎడ్ల పగ్గాలు, ఒకచోట చేంతాడంత పొడవున గుచ్చిన గాజులు. చదువు రానివాళ్ళకూ, బీదర్ వైపు నుంచి వచ్చి కన్నడం మాత్రమే చదివేవాళ్ళకూ ఇక బోర్డులతో పనేముంది! నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. బజారును చూసి గగుర్పొడవడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. మునుపటి బజారులో నడిచినవాళ్ళయితే నవ్వరు.

గాజుల సరం కిందికి వెళితే, ఆ గల్లీ మలుపు అరుగు మీద అక్క.

"చెల్లే, గంత సేపైందేంది? బస్సు ఎప్పుడో వచ్చిందంట," అంది, నా అడుగు వినగానే.

"తప్పిపోయిన అక్కా."

"మంచిగున్న తొవ్వల తప్పిపోయినవా!" అని పొట్ట పట్టుకుని నవ్వింది.

ఈ అద్భుతం ఎట్లా జరిగిందో ఎదురు దుకాణం యూసుఫ్ భాయి చెప్పాడు. బకెట్లు ఆయనవే. అక్క పడ్డది వాటి మీదే. ఆ మాట ఇప్పటికీ తలొంచుకునే చెబుతాడు.

"మా బజార్ల ఒక రివాజుంది బహెన్. పొద్దుగాల దుకాణం తెరిచి ఎవలు ఏడిదాంక నీళ్ళు చల్తే, ఆ దినానికి గాడిదాంక జాగ ఆయనది. సామాను గాడిదాంక పెట్టుకోవచ్చు. నేను ఒక జానెడు ఎక్కువ చల్తే, తెల్లారి శివప్ప షావుకారి రెండు జానెళ్ళు చల్తుండె. గట్ల గట్ల బజారంత మింగినం."

సుశీలమ్మ పడ్డాక అందరూ బాధపడ్డారు. దవాఖానకు పళ్ళు పట్టుకెళ్ళారు. కలిసి బాటకు సున్నంతో గీత కూడా గీసుకున్నారు. మర్నాడు పొద్దున ఎవరి నీళ్ళు వాళ్ళు చల్లుకుంటే గీత కాస్తా కొట్టుకుపోయింది. ఎవరూ కావాలని చేసింది కాదు. రోజూ చేసే పని చేశారు.

"గప్పుడు మీ అక్క చెయ్యికి కట్టుతోనే వచ్చి అందర్ని పిలిచింది. రివాజు ఇడువొద్దన్నది. నీళ్ళు చల్లున్రి, కాని ఎవలి ముంగట వాళ్ళు కాదు, పక్క దుకాణం ముంగట చల్లున్రి అన్నది. అయిపాయె! మా రివాజు లెక్కనే ఆ జాగ పక్కోనిదాయె. పక్కోని జాగల సామాను ఎట్ల పెడ్తరు?"

తిరిగి అక్క వైపు చూశాను. అక్క మాత్రం ఏమీ ఎరగనట్టు గాజులు తుడుచుకుంటోంది.

"అందరు సరే అన్నరు. శివప్ప షావుకారి ఒక్కడే ఒప్పలే," అని యూసుఫ్ భాయి గొంతు తగ్గించాడు. శివప్ప బట్టల వ్యాపారి. దుకాణం అక్క దుకాణానికి పక్కనే. అంటే ఆయన ముందు చల్లే వంతు అక్కదే. మూటలు తీయనని ఆయన పట్టుబట్టాడు. అక్క రోజూ పొద్దున్నే బకెట్టుతో వెళ్ళి చల్లింది. నీళ్ళు మూటల మీద పడ్డాయి. ఆయన లేచి కేకలేశాడట.

"మరి నువ్వేమన్నవు?" అని అక్కనడిగాను.

"ఏమంట? నాకు కనవడదు కదా షావుకారీ, చెయ్యి ఏడిదాంక పోతే గాడిదాంక చల్తున్న అన్న," అంది అక్క. ఆ మొహంలో అమాయకత్వం చూడాలి! మూడో రోజో నాలుగో రోజో మూటలు లోపలికి వెళ్ళాయట. అప్పట్నుంచి శివప్ప ఆమెతో మాట్లాడడు.

"వానాకాలం ఏం చేస్తరు?" అన్నాను, ఏదో ఒక వంక దొరక్కపోతుందా అని.

"వానల సామాను బయట ఎవడు పెడ్తడే పిచ్చిదానా?"

అక్కకు ఆ తడి బాట కళ్ళతో పని లేని దారి. చెప్పులు చేత పట్టుకుని ఉత్త కాళ్ళతో నడుస్తుంది. పాదాలకు చల్లగా తగిలినంత సేపూ బాట మీద ఉన్నట్టు, పొడి తగిలితే పక్కకు జరిగినట్టు. ఇంతా విన్నాక కూడా నా అనుమానం తీరలేదు. మామూలు రోజు సరే, అంగడి రోజు? బావకు చెప్పాల్సింది అదే కదా.

మర్నాడే అంగడి. పొద్దున అక్క జొన్న రొట్టెలు చేసింది. పుంటికూర పప్పు, పచ్చి ఉల్లిగడ్డ. తింటూ చిన్ననాటి ముచ్చట్లలో పడి పొద్దెక్కించేశాం. అక్క రోజూ బాట తడిగా ఉండగానే వెళ్ళిపోతుంది. ఆ రోజు బయల్దేరేసరికి ఎండ చురుక్కుమంటోంది.

"నువ్వు వెనకాల రా. చెయ్యి పట్టుకోకు, మాట్లాడకు," అంది. "మీ బావకు చెప్పాలె కదా. నాకెరుక లేదనుకున్నవా?"

సిగ్గుతో నా మొహం కాలిపోయింది. పది అడుగుల వెనకే నడిచాను.

బజారు కిటకిటలాడుతోంది. అల్లం బస్తాలు, బెల్లం దిమ్మలు, కోహీర్ జామకాయల గంపలు, అన్నీ నడిమధ్యే ఉన్నాయి. బాట మీదికి ఒక్కటీ రాలేదు. అక్క చెప్పులు చేత పట్టుకుని బాటెక్కింది. గంగాళం దాటింది. పగ్గాల గల్లీ దాటింది. తల నిటారుగా పెట్టుకుని ఎంత దర్జాగా నడుస్తోందో!

అంతలో ఆగిపోయింది.

కిందికి చూశాను. బాట ఎండిపోయింది. అంగడి జనం కాళ్ళకు, ఆ ఎండకు, ముందంతా పొడి ఎర్రదుమ్ము. అక్క కుడికాలు ముందుకు పెట్టి తడిమింది, మళ్ళీ వెనక్కి తీసుకుంది. ఎడమవైపు తడిమింది. అక్కడా పొడే. కాస్త అటు జరిగితే మోరీ. జనం ఆమెను తప్పించుకుని పోతున్నారు. ఇక నావల్ల కాలేదు. మాటా వద్దు, పరీక్షా వద్దు, పెట్టె సర్ది తీసుకుపోతాను అనుకుంటూ ముందుకు ఉరికాను.

నాకంటే ముందు ఒక భారీ మనిషి అరుగు దిగాడు. తెల్ల ధోవతి, నుదుట విభూతి, చేతిలో ఇత్తడి చెంబు. శివప్ప. ఉదయం లేచి గద్దె మీద కూచుంటే మధ్యాహ్నం భోజనానికి తప్ప లేవడని పేరున్న మనిషి. అక్క వైపు చూడలేదు, పలకరించలేదు. వంగి, ఆమె కాళ్ళ ముందు నుంచి నీళ్ళు చల్లుకుంటూ పోయాడు. చెంబు అయిపోయే చోట యూసుఫ్ భాయి బకెట్టు పట్టుకుని దిగాడు. ఆయన తర్వాత మరొకరు, ఆయన తర్వాత ఇంకొకరు. బేరాలు వదిలేసి, ఎవరి ముందు వాళ్ళు కాదు, పక్కవాళ్ళ ముందు చల్లుకుంటూ. ఒక్కరు కూడా ఆమెకు ఇటు రా అని చెప్పలేదు. తడిసిన మట్టి వాసన బజారంతా లేచింది.

అక్క ఆ గాలి పీల్చుకుంది. పాదం పెట్టింది. నడిచింది.

నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అంగడిలో అందరూ చూస్తున్నా ఏడుపు ఆగలేదు.

గాజుల గల్లీ మలుపులో అక్క ఒక్క క్షణం నిలబడి, తల వెనక్కి తిప్పకుండానే, "షావుకారీ, మూటల మీద పడకుండ చల్లినవా?" అంది.

"నీ లెక్క నేను గుడ్డిగ చల్త అనుకున్నవా? నడువమ్మా, నడువు. బేరం ఖరాబైతది," అన్నాడు శివప్ప. అన్ని నెలల తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మొదటి మాట అదేనట.

దుకాణంలో కూచోబెట్టి అక్క నా చేతికి ఆకుపచ్చ గాజులు తొడిగింది. రమ్మని నేను అడగలేదు, రానని తను చెప్పలేదు.

తిరుగు ప్రయాణం రైల్లో. వికారాబాద్ మీదుగా వచ్చే పాసింజరు. మధ్యాహ్నం ఎక్కితే మసక పడే వేళకు నాంపల్లి. బస్సుకంటే నిదానం, కానీ కిటికీ పక్కన కూచుని ఆలోచించుకోవడానికి అదే నయం. కోహీర్‌లో జామకాయలు కొనుక్కోండి, లోపల ఎర్రగా ఉన్నవి అడగండి. ఎదురుగా కూచున్నాయన పెట్టెను కాలితో జరపబోయి, అది సర్రున జారితే, "ఖాళీ పెట్టె మోసుకపోతున్నవేందమ్మా?" అన్నాడు. నవ్వి, పెట్టెను నా వైపు లాక్కున్నాను. ఎన్నో ఊళ్ళు తిరిగాను, కోటలూ గోపురాలూ చూశాను. నా కళ్ళ ముందు ఒక బాట పుట్టడం ఆ ఒక్క ఊళ్ళోనే చూశాను.

బావకు ఏం చెప్పాలో దారంతా కూడబలుక్కున్నాను. రివాజు, నీళ్ళు, శివప్ప చెంబు, అన్నీ వరసగా. నాంపల్లిలో దిగితే, ముందే అనుకున్నట్టు ప్లాట్‌ఫారం మీద బావ ఉన్నాడు. నా వెనక ఎవరైనా దిగుతారేమోనని చూశాడు. ఎవరూ దిగకపోయేసరికి మొహం పాలిపోయింది.

"అక్కేది? మల్ల పడ్డదా?"

కూడబలుక్కున్నవన్నీ ఎగిరిపోయాయి.

"దుకాణంల ఉంది బావా."

"ఎవలు తోల్కపోయిన్రు?"

"ఎవ్వరు చెయ్యి పట్టుకోలే," అన్నాను. అది అబద్ధం కాదు.

బావ బరువుంటుందనుకుని రెండు చేతులా పెట్టె పట్టి బలంగా ఎత్తాడు. అది ఒక్కసారిగా ఛాతీ దాకా లేచి వచ్చింది. దాన్ని అట్లాగే గుండెకు ఆనించుకుని, దారిన పోయేవాళ్ళు తగులుతున్నా కదలకుండా, చాలాసేపు నిలబడ్డాడు.