గంట దాటితే కనబడని గుడ్డు

మారేడ్‌పల్లి రూత్ సుశీల గారు మొన్న మంగళవారం కన్నుమూశారు. మోండా మార్కెట్లో వంకాయలు ఏరుతుంటే ఫోన్ వచ్చింది. ఏరినవి అక్కడే వదిలేసి నిలబడిపోయాను. బొల్లారంలో సంతాపసభ పెట్టారు. నన్ను మాట్లాడనివ్వలేదు. "టైం లేదమ్మా" అన్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

ఆమె మా ల్యాబ్‌లో సీనియర్ టెక్నీషియన్. నాది పక్క బల్ల. నులిపురుగుల పరీక్ష అంటే మలం పరీక్షే కాబట్టి, ఆమె వస్తే కొందరు టిఫిన్ డబ్బాలు పక్కకు జరుపుకునేవారు. ఎవరెవరు జరిపారో నాకు గుర్తుంది. ఆమె పట్టించుకునేవారు కాదు. ఒక ఊళ్లో మలం నమూనాలకు డబ్బీలు పంచుతుంటే ఒకావిడ నవ్వింది.

"ఏందమ్మా, గదేమన్న బంగారమా? గంత పైలంగ పట్కపోతవ్."

"నాకు బంగారమే వదినా. రేపు పొద్దున్నే ఇవ్వు. నిన్నటిది మాత్రం తేకు."

ఆ ఊరి దగ్గరే గొడవంతా. ఆడవాళ్లు పాలిపోయి ఉన్నారు, నాట్లకు వంగితే కళ్లు తిరుగుతున్నాయి. ఆఫీసు నివేదికలో మాత్రం 'నిల్'. మాత్రలిచ్చే జాబితాలోంచి ఊరి పేరు కొట్టేశారు. ఎందుకలా వచ్చిందో ఆమెకు తెలుసు. ఊళ్లో చేసిన స్లైడ్లను జీపులో సికింద్రాబాద్ తెచ్చి, భోజనాలయ్యాక ఆఫీసువాళ్లు తీరిగ్గా చూశారు. రక్తం తాగే కొంకిపురుగు గుడ్డు ఆ స్లైడు మీద గంట దాటితే కనబడకుండా పోతుంది.

తన సొంత మైక్రోస్కోపును ఒళ్లో పెట్టుకుని ఆమె బస్సెక్కారు. నేనూ వెళ్లాను. బడి వరండాలో, స్లైడు చేసిన వెంటనే చూశాం. గుడ్లే గుడ్లు.

ఆ కాగితాలు తీసుకెళితే ఆఫీసరు కూర్చోమని కూడా అనలేదు.

"మిమ్మల్నెవరు చూడమన్నారు?"

"మీ ఆర్డరు వచ్చేదాకా గుడ్డు ఆగదు సార్."

తర్వాత ఆమెను ఊళ్లకు పంపడం మానేశారు. రిటైరయ్యాక కూడా ఆ ఊరి కోసం ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు. జవాబు రాలేదు. నాకు మాత్రం ఒకటే చెప్పేవారు: "లేదు అని రాసే ముందు, ఎప్పుడు చూశావో రాయి."

సభలో మొదటి దండ ఆ ఆఫీసరే వేశాడు. "మా సుశీలమ్మ" అన్నాడు. ఊరి పేరు ఎత్తలేదు. అది ఇవాళ్టికీ జాబితాలో లేదు.

అలాంటి కన్ను మా ల్యాబ్‌కు మళ్లీ దొరకదు. ఆమె కూతురు ఆ మైక్రోస్కోపు నాకిచ్చింది. సోమవారం మొదటి బస్సుకు ఆ ఊరు వెళ్తున్నాను. ప్రతి స్లైడు పక్కనా చూసిన టైం రాస్తాను. ఆఫీసులో నిలబెడితే నిలబడతాను.

నేనింకా దండ వేయలేదు మేడం. ఊరి పేరు జాబితాకెక్కిన రోజున వేస్తాను.